అమాక్సిసిలిన్ ఏ ఊళ్లో పుడుతుంది? దాతోంగ్ నుంచి తొండంగి దాకా

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. స్పీడ్ పెంచుకుని చూసేవాళ్లు చూసుకోండి, నేనేం అనుకోను.

మీ ఇంట్లో మందుల డబ్బా ఉంటుంది కదా, ఒకసారి తీసి చూడండి. అమాక్సిసిలిన్ స్ట్రిప్ ఒకటి, సగం వాడి వదిలేసింది, చాలా ఇళ్లలో దొరుకుతుంది. (డాక్టర్ రాసిన కోర్సు మధ్యలో ఆపకూడదు. అది వేరే ఎపిసోడ్.) స్ట్రిప్ వెనక తయారీ అడ్రస్ ఉంటుంది. హిమాచల్ ప్రదేశ్ అనో, తెలంగాణ అనో రాసి ఉంటుంది. అది క్యాప్సూల్ నింపిన ఊరు మాత్రమే. లోపలున్న పొడికి మూలం ఎక్కడ పుట్టిందో స్ట్రిప్ మీద రాయరు. గత పాతికేళ్లలో ఎక్కువ భాగం అది చైనాలోనే పుట్టింది.

ఈరోజు కథలో రెండు ఊళ్లున్నాయి. ఒకటి దాతోంగ్. ఉత్తర చైనాలో షాన్షీ అనే ప్రావిన్స్‌లో ఉంది, బొగ్గుకి పేరు. రెండోది మన తొండంగి. కాకినాడ జిల్లాలో, తుని, అన్నవరం దగ్గర సముద్రం వైపు ఉండే మండలం. ఈ రెండు చోట్లా ఒకే వస్తువు తయారుచేయడానికి ఫ్యాక్టరీ పెట్టింది ఒకే తెలుగు కంపెనీ, అరబిందో ఫార్మా. మధ్యలో సుమారు ఇరవై ఏళ్లు గడిచాయి. ఒక కంపెనీ చైనా వెళ్లి ఆ వస్తువు చేసి, దాన్ని అమ్మేసి బయటికొచ్చి, మళ్లీ మన సముద్రం ఒడ్డున వేల కోట్లు పెట్టి అదే ఎందుకు మొదలుపెట్టింది? దీనికి జవాబు తెలిస్తే చైనాతో మందుల వ్యాపారం ఎలా నడుస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు ఆ వస్తువు ఏంటో చూద్దాం. పేరు పెన్-జి, అంటే పెనిసిలిన్ జి.

నేను బీటెక్ చదివింది కంప్యూటర్స్, కెమికల్ కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఏపీఐ అంటే ఒకటి. ఫార్మాలో కూడా ఏపీఐ అంటారు, అర్థం వేరే. మాత్రలో నిజంగా పనిచేసే పదార్థం ఏపీఐ. మన వాళ్లు బల్క్ డ్రగ్ అని కూడా అంటారు. అమాక్సిసిలిన్ ఏపీఐ నేరుగా రాదు, దానికి మూడు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు పెన్-జి. దాన్ని ఎంజైమ్‌తో విడగొడితే 6-ఏపీఏ అనే పదార్థం వస్తుంది. దానికి ఇంకో ముక్క అతికిస్తే అమాక్సిసిలిన్. వేరే ముక్క అతికిస్తే ఆంపిసిలిన్. సెఫాలెక్సిన్ లాంటి కొన్ని మందులకి కూడా మూలం పెన్-జి నుంచే వెళ్తుంది. అంటే కింద ఒక్క మెట్టు, దాని మీద ఒక పెద్ద మేడ నిలబడి ఉంది.

ఆ కింది మెట్టుని రియాక్టర్‌లో రసాయనాలు కలిపి చేయరు. పులియబెట్టి చేస్తారు. రొట్టె మీద బూజు పడుతుంది కదా, అలాంటి జాతి బూజునే ఒకదాన్ని లక్ష లీటర్లు దాటే స్టీల్ ట్యాంకుల్లో పెంచుతారు. దానికి తిండి చక్కెర, మొక్కజొన్న నానబెట్టిన నీళ్ల నుంచి తీసిన గుజ్జు, ఇంకా కొన్ని రసాయనాలు. దాదాపు వారం రోజులు ఆగకుండా గాలి కొడుతూ, తిప్పుతూ ఉండాలి. మన ఇడ్లీ పిండి పులిస్తే గిన్నె కాస్త వేడెక్కినట్టే ఈ ట్యాంకు కూడా వేడెక్కుతుంది. కానీ బూజుకి పాతిక డిగ్రీల దగ్గర ఉంటేనే సుఖం. కాబట్టి రాత్రీ పగలూ చల్లబరుస్తూ ఉండాలి. మధ్యలో బయటి క్రిమి ఒకటి దూరిందా, మొత్తం ట్యాంకు పారబోయడమే.

ఇప్పుడు ఖర్చు ఎక్కడుందో చూడండి. కరెంటు, ఆవిరి, చక్కెర, చల్లటి నీళ్లు, చివర్లో మిగిలే మురుగు. ఇక్కడ తెలివైన కెమిస్ట్ ఒక్కడే వచ్చి ఖర్చు సగం చేయలేడు. ట్యాంకు ఎంత పెద్దది, కరెంటు ఎంత చవక, నష్టం వచ్చినా ఎన్నేళ్లు ఆగగలవు అన్నవే లెక్క.

సరే, మనకి ఈ విద్య రాదా అంటే, ఎప్పుడో వచ్చింది.

1954లో పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ మొదలైంది. డబ్ల్యూహెచ్‌వో, యునిసెఫ్ సాయం చేశాయి. చైనాలో షిజియాజువాంగ్ అనే ఊళ్లో సోవియట్ యూనియన్ సాయంతో కట్టిన పెద్ద పెనిసిలిన్ ఫ్యాక్టరీ 1958లో నడక మొదలుపెట్టింది. మనకీ సోవియట్ సాయం వచ్చింది. 1961లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టి, రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ ప్లాంటు, హైదరాబాద్ బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు కట్టారు.

ఈ పంపకాన్ని ఒక్కసారి గమనించండి. నా ఉద్దేశంలో తెలుగు ఫార్మా చరిత్ర మొత్తం ఇక్కడే మలుపు తిరిగింది. పులియబెట్టే విద్య రిషికేశ్‌కి వెళ్లింది. రసాయనాలు కలిపి చేసే విద్య హైదరాబాద్‌కి వచ్చింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి గారు ఈ ఐడీపీఎల్‌లోనే పనిచేశారు. 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇవ్వడంతో, కొత్త పద్ధతి కనిపెట్టిన కెమిస్ట్‌కి దారి దొరికింది. హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ కంపెనీలు పుట్టాయి. 1984లో డాక్టర్ రెడ్డీస్ వచ్చింది. అందరూ రియాక్టర్ మనుషులే. ట్యాంకులో బూజు పెంచే మనుషులు తక్కువ.

ఇక్కడ గోదావరి వాళ్లకి ఒక మాట. ఈ పులియబెట్టే యాంటీబయాటిక్స్ చరిత్రలో మన పేరు లేకపోలేదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదివారు. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ ఆయన నడిపిన ల్యాబ్ నుంచే 1948లో బయటికొచ్చింది. ఆయన పోయింది కూడా ఆ ఏడాదే. మందు మట్టిలో దొరికే సూక్ష్మజీవి నుంచి వచ్చింది, తయారీ ట్యాంకుల్లోనే. ఆయన మీద వీడియో చేయమని చాలామంది అడుగుతున్నారు, చేస్తాను.

ఇప్పుడు 1990ల్లోకి వెళ్దాం. అప్పటికి మన దేశంలో ప్రైవేటు వాళ్లు కూడా పెన్-జి చేస్తున్నారు. గుజరాత్‌లో టోరెంట్, తమిళనాడులో స్పిక్ లాంటివి. ప్రభుత్వ రంగం అప్పటికే కుంటుతోంది, 1992లో ఐడీపీఎల్‌ని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. అదే సమయంలో సరళీకరణ వచ్చింది. దిగుమతి సుంకాలు తగ్గాయి. బల్క్ డ్రగ్‌ని మొదటి మెట్టు నుంచి ఇక్కడే చేయాలన్న పాత నిబంధనలు 1994 డ్రగ్ పాలసీతో పోయాయి.

చైనా వైపు ఏం జరుగుతోంది? అక్కడ ప్రావిన్స్‌లు, నగరాలు ఒకదానితో ఒకటి పోటీ పడి ఫ్యాక్టరీలను పిలుస్తున్నాయి. భూమి చవక, ప్రభుత్వ బ్యాంకుల అప్పు చవక, ఎగుమతి చేస్తే పన్ను వాపసు. ఉత్తర చైనాలో మొక్కజొన్న ఉంది, బొగ్గు ఉంది, చలి ఉంది. ఆ చలి ఊరికే వచ్చే ఎయిర్ కండిషనర్ లాంటిది. మురుగు గురించి ఆ రోజుల్లో పెద్దగా అడిగేవాడు లేడు. ఇవన్నీ కలిపి వాళ్లు ట్యాంకుల మీద ట్యాంకులు కట్టారు. అవసరానికి మించి కట్టారు. అప్పుడు వాళ్లలో వాళ్లకే గొడవ మొదలై ధర పడిపోయింది. "చైనా కుట్ర చేసి మనల్ని పడగొట్టింది" అని చాలా వీడియోల్లో చెప్తుంటారు. కుట్ర పాలెంతో, వాళ్లలో వాళ్లు కొట్టుకుని ధర తగ్గించుకున్న పాలెంతో విడదీయడం కష్టం. ఫలితం మాత్రం మనకి ఒకటే. ఇక్కడి ప్లాంట్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

మరి హైదరాబాద్ కంపెనీలు ఏడ్చాయా? లేదండీ, పండగ చేసుకున్నాయి. ఇది చాలామంది చెప్పరు. పెన్-జి, 6-ఏపీఏ చవగ్గా వస్తుంటే దాని మీద అమాక్సిసిలిన్ చేసి ఆఫ్రికాకి, యూరప్‌కి, అమెరికాకి అమ్మేవాడికి లాభమే కదా. మన చౌక మందుల ఎగుమతి వెనక చైనా చౌక ముడిసరుకు కూడా ఉంది. మన రియాక్టర్, వాళ్ల ట్యాంకు. ఇద్దరికీ బాగానే నడిచింది.

కానీ ఇలాంటి బేరంలో ఒక మెలిక ఉంటుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మేత ఒక్కడే అమ్ముతున్నప్పుడు, చెరువులో పిల్ల వేసేశాక, వాడు రేటు పెంచితే మీరేం చేస్తారు? 2007లో అలాంటిదే జరిగింది. చైనాలో పర్యావరణ తనిఖీలు, ఉత్పత్తి తగ్గుదల కలిసి పెన్-జి ధర గట్టిగా ఎగిరింది. ఇక్కడ అమాక్సిసిలిన్ చేసేవాళ్ల లెక్కలన్నీ తలకిందులయ్యాయి.

అరబిందో ఈ ప్రమాదాన్ని అంతకుముందే చూసింది. పి.వి. రామప్రసాద్ రెడ్డి, కె. నిత్యానంద రెడ్డి 1986లో పెట్టిన కంపెనీ అది. మొదటి యూనిట్ పాండిచ్చేరిలో, అందుకే ఆ పేరు. మొదలుపెట్టిందే పెనిసిలిన్ రకం మందులతో. అంటే పెన్-జి లేకపోతే వాళ్లకి బండి కదలదు. 2000ల మొదట్లో వాళ్లు తీసుకున్న నిర్ణయం ఏంటంటే, చైనా నుంచి కొనడం ఒక్కటే చాలదు, చైనాలోనే చేద్దాం. అలా దాతోంగ్‌లో మొదట స్థానిక భాగస్వామితో కలిసి, పెన్-జి, 6-ఏపీఏ ప్లాంటు నడిపారు.

వ్యాపార ఎత్తుగడగా చూస్తే ఇది చాలా గట్టిది. చైనాకున్న సౌకర్యాలన్నీ మీకూ వస్తాయి. బొగ్గు కరెంటు, మొక్కజొన్న, చలి, అన్నీ. సరుకు మీదే కాబట్టి ధర పెరిగినా మీ గొంతు పట్టుకునేవాడు ఉండడు. చాలా అమెరికా, యూరప్ మందుల కంపెనీలు చైనాకి వెళ్లింది అక్కడి జనానికి అమ్ముకోవడానికి. మనవాళ్లు వెళ్లింది సరఫరా గొలుసులో కింది మెట్టు చేత్తో పట్టుకోవడానికి. చైనా మార్కెట్ అనగానే అమ్మకమే గుర్తొస్తుంది. తెలుగు కంపెనీలకి మాత్రం అది కొనుగోలు మార్కెట్ ముందు, అమ్మకం మార్కెట్ తర్వాత.

అయితే 2010 ప్రాంతంలో అరబిందో దాతోంగ్ ప్లాంటులో మెజారిటీ వాటాని చైనా ప్రభుత్వ రంగ సంస్థ సైనోఫార్మ్‌కి అమ్మేసింది. ఎందుకు? నా అంచనా ఇది. పెన్-జి ధర ఒక ఏడాది ఆకాశంలో, ఒక ఏడాది పాతాళంలో. ఆ రంగులరాట్నం మీద కూర్చోవాలంటే జేబు లోతుగా ఉండాలి. అప్పటికి అరబిందో అమెరికాకి, యూరప్‌కి తయారు మాత్రలు అమ్మే కంపెనీగా మారిపోతోంది. డబ్బు, మనుషులు అటు పెడితే వచ్చే లాభం ఎక్కువ. ఏ ఎంబీఏ అయినా అదే చెప్తాడు: పై మెట్టులో మార్జిన్ ఉంది, కింది మెట్టు వదిలేయ్. ఆ ఏడాది లెక్క ప్రకారం అది సరైన నిర్ణయమే. ఆ ప్లాంటు చేతులు మారి సైనోఫార్మ్ వెయ్‌చీదా అయింది. పెన్-జి, 6-ఏపీఏల్లో ప్రపంచంలోనే పెద్ద పేర్లలో ఒకటి ఇప్పుడది. దాని సరుకు కొనే దేశాల్లో మనమూ ఉన్నాం!

దీనితో పాటు చైనాకి మందులు అమ్మాలని చూసిన తెలుగు కంపెనీల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే బొమ్మ సగమే.

డాక్టర్ రెడ్డీస్ 2000లో షాంఘై దగ్గర కున్‌షాన్‌లో రోటామ్ అనే గ్రూపుతో కలిసి కున్‌షాన్ రోటామ్ రెడ్డి అనే జాయింట్ వెంచర్ పెట్టింది. సగానికి కాస్త ఎక్కువ వాటా మనవాళ్లది. చైనాలో అప్పట్లో మందులు అమ్మడం మన దగ్గరలాంటిది కాదు. అక్కడ ఆసుపత్రే పెద్ద మందుల షాపు. మందు మీద వచ్చే మార్జిన్ ఆసుపత్రికి ఆదాయం. కాబట్టి డాక్టర్, ఆసుపత్రి, డిస్ట్రిబ్యూటర్ మధ్య పరిచయాలు ఉన్నవాడిదే రాజ్యం. బయటి దేశపు చౌక మందుకి అనుమతి రావడానికి ఏళ్లు పట్టేది. పైగా చౌక మందు అమ్మితే ఆసుపత్రికి మార్జిన్ కూడా తక్కువే, వాళ్లకెందుకు ఆసక్తి? అలా ఓపిగ్గా కూర్చోవాల్సి వచ్చింది.

ఆట మారింది 2018లో. ఆ ఏడాది జూలైలో చైనాలో ఒక సినిమా వచ్చింది, ఇంగ్లిష్ పేరు 'డయింగ్ టు సర్వైవ్'. రక్త క్యాన్సర్ రోగుల కోసం ఇండియా నుంచి చౌక మందు దొంగతనంగా తెచ్చే ఒక షాపువాడి కథ. సూపర్ హిట్. దానికి మూలం లు యోంగ్ అనే నిజమైన రోగి. స్విస్ కంపెనీ నోవార్టిస్ వారి గ్లివెక్ అక్కడ నెలకి 23,000 యువాన్ల పైమాటే. ఆ డబ్బు పెట్టలేక ఆయన తెప్పించుకున్న ఇండియా మందు వీనాట్. చేసింది ఎవరు? మన హైదరాబాద్ నాట్కో ఫార్మా. తనకి తెప్పించుకుంటూ తోటి రోగులకీ దారి చూపించినందుకు ఆయన్ని అరెస్టు చేశారు. వందల మంది రోగులు ఆయన తరఫున సంతకాలు పెట్టారు. 2015లో కేసు వెనక్కి తీసుకున్నారు. చైనాలో అధికారికంగా అమ్మని ఒక తెలుగు కంపెనీ మందు అక్కడ అంత పేరు తెచ్చుకుంది. సేల్స్ టీమ్ లేదు, ప్రకటన లేదు, అనుమతే లేదు.

సినిమా ఒక్కటే అన్నీ మార్చేసిందని నేను అనను. అప్పటికే ప్రభుత్వం కదులుతోంది, 2018 మే 1 నుంచి క్యాన్సర్ మందుల మీద దిగుమతి సుంకం సున్నా చేసింది. తర్వాత చట్టం కూడా మార్చారు. 2019 డిసెంబర్ 1 నుంచి, వేరే దేశంలో చట్టబద్ధంగా అమ్ముతున్న మందు తెస్తే దాన్ని నకిలీ మందుగా లెక్కకట్టడం ఆపేశారు.

అన్నిటికన్నా పెద్ద మార్పు టెండర్. 2018 చివర్లో 11 నగరాలు కలిసి మందులు కొనడం మొదలుపెట్టాయి. దాన్ని "4+7" అంటారు, నాలుగు పెద్ద నగరాలు ప్లస్ ఏడు. తక్కువ ధర కోట్ చేసినవాడికి ఆ నగరాల ఆసుపత్రుల కొనుగోలులో పెద్ద వాటా ఖాయం. డాక్టర్ల చుట్టూ తిరిగే పని లేదు. ధరలు సగటున సగానికి పైగా పడిపోయాయి. 2019 సెప్టెంబరులో దేశంలో చాలా ప్రావిన్స్‌లకి దాన్ని విస్తరించినప్పుడు డాక్టర్ రెడ్డీస్ మానసిక వ్యాధులకి వాడే ఒలాంజపిన్ అనే మందుకి టెండర్ గెలిచింది. ఇన్నేళ్లు తలుపు దగ్గర నిలబడితే చివరికి తలుపు తెరుచుకుంది. కానీ లోపల కూర్చున్నది ఒకే ఒక్క బయ్యర్, ప్రభుత్వం. చెరువు గట్టు మీద పది మంది బయ్యర్లు వస్తే ఒక రేటు, ఒక్కడే వస్తే ఇంకో రేటు. అది మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా అరబిందో కూడా మళ్లీ చైనాలోనే తైజౌలో మాత్రల ఫ్యాక్టరీ కట్టింది, అంటే ఈ మార్కెట్ మీద ఆశ పోలేదు.

డబ్బు అటు నుంచి ఇటు కూడా వచ్చింది. పి.వి.ఎన్. రాజు గారు 1978లో హైదరాబాద్‌లో పెట్టిన గ్లాండ్ ఫార్మాలో 74 శాతం వాటాని 2017లో షాంఘైకి చెందిన ఫోసున్ ఫార్మా సుమారు 109 కోట్ల డాలర్లకి కొంది. మొదట 86 శాతం అనుకున్నారు, డోక్లాం గొడవ నడుస్తున్న రోజులు, ప్రభుత్వ అనుమతి అంత దాకా రాలేదు. చైనా కంపెనీకి కావాల్సింది ఏంటి? అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలు. మనవాళ్లు దాతోంగ్‌లో కింది మెట్టు కొనుక్కోవాలని చూశారు, వాళ్లు హైదరాబాద్‌లో పై మెట్టు కొనుక్కున్నారు.

ఇక 2020. వుహాన్ మూతపడగానే ఢిల్లీలో గుండె జారింది. మార్చి 3న మన ప్రభుత్వం పారాసిటమాల్‌తో సహా ఏపీఐలు, వాటి మందులు కలిపి 26 రకాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. ప్రపంచానికి మందుల షాపు అని చెప్పుకునే దేశం, గోడౌన్‌కి తాళం వేసుకోవాల్సి వచ్చింది. అదే నెలలో 6,940 కోట్ల రూపాయలతో బల్క్ డ్రగ్స్‌కి పీఎల్ఐ పథకం ఒప్పుకున్నారు. దాని రూలు సింపుల్: ఇక్కడ చేసి అమ్మితే, అమ్మకంలో కొంత శాతం ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. పులియబెట్టి చేసే వాటికి మొదటి నాలుగేళ్లు 20 శాతం, తర్వాత ఏడాది 15, చివరి ఏడాది 5. లిస్టులో ముందు వరసలో ఉన్నది పెన్-జి.

అలా అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ ఫార్మా తొండంగి మండలంలో, కాకినాడ సెజ్ భూమిలో దిగింది. పెట్టుబడి రెండు వేల కోట్లకు పైనే. సామర్థ్యం ఏడాదికి 15,000 టన్నుల పెన్-జి. 2024 అక్టోబర్ 29న ప్రధాని వర్చువల్‌గా ప్రారంభించారు.

ఇప్పుడు దాతోంగ్‌తో పోల్చి చూడండి. అక్కడ చలి, ఇక్కడ మే నెలలో ఉప్పాడ గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ట్యాంకుని పాతిక డిగ్రీల్లో ఉంచడానికి చల్లటి నీళ్లు తయారుచేయాలి, అంటే కరెంటు. అక్కడ ఎప్పుడో అప్పు తీరిపోయిన ట్యాంకులు, ఇక్కడ కొత్త అప్పు. అక్కడ ముప్పై ఏళ్లుగా బూజుని మెరుగుపరుచుకుంటూ వచ్చిన చేతులు, ఇక్కడ ఆ చేతుల్ని కొత్తగా తయారుచేయాలి. రిషికేశ్ ట్యాంకుల దగ్గర పనిచేసిన తరం ఎప్పుడో రిటైర్ అయిపోయింది. దాతోంగ్‌లో నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ప్లాంటుతో పాటే అమ్మేశాం.

ప్లాంటు మొదలయ్యాక ఏం జరిగిందంటే, 2025లో చైనా 6-ఏపీఏ ధర బాగా పడిపోయింది. కొత్త పోటీదారుణ్ణి చూసి తగ్గించారా, మళ్లీ వాళ్ల ట్యాంకులు ఎక్కువైపోయాయా? రెండూ ఉండొచ్చు. ఇక్కడి తయారీదారులు పెన్-జి, 6-ఏపీఏ, అమాక్సిసిలిన్‌లకి కనీస దిగుమతి ధర పెట్టమని, అంటే ఈ రేటు కంటే తక్కువకి లోపలికి రానివ్వద్దని కేంద్రాన్ని అడిగారు. దానికి అడ్డం చెప్పింది ఎవరో తెలుసా? చైనా కాదు. ఆ చౌక సరుకు కొని అమాక్సిసిలిన్ చేసుకునే మన దేశపు చిన్న కంపెనీలే. ముడిసరుకు ధర పెరిగితే, ధర నియంత్రణలో ఉన్న మందు మీద వాళ్లు పెంచుకోలేరు. వాళ్ల బాధా నిజమే.

ఇంకో పక్క ఊరు ఉంది. తొండంగి తీరం అంటే వేట మీద బతికే మత్స్యకారులు, పక్కనే రొయ్య పిల్లల హేచరీలు. హేచరీకి సముద్రపు నీళ్లే ప్రాణం, నీటిలో కొంచెం తేడా వచ్చినా పిల్ల చచ్చిపోతుంది. 2020 డిసెంబరులో ఇదే మండలంలో ఇంకో ఫార్మా ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా పెద్ద ఆందోళన జరిగింది, అరెస్టులయ్యాయి. సెజ్ భూముల గొడవ దానికంటే పాతది. పెన్-జి ప్లాంటు విషయంలో 2025లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పని ఆపమని ఆదేశించింది, తర్వాత తాత్కాలికంగా నడుపుకోవడానికి అనుమతిచ్చింది. ట్యాంకు దించాక మిగిలే బూజు పిప్పిలో మందు అవశేషాలు ఉంటాయి. అది నీళ్లలోకో మట్టిలోకో వెళ్తే, ఆ మందుకి లొంగని క్రిములు పెరుగుతాయి. చైనాలోనే దాన్ని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పెట్టారు. చైనా ధర తక్కువగా ఉండటానికి ఒకప్పుడు ఉన్న కారణాల్లో ఒకటి, ఈ పిప్పి లెక్కలోకి రాకపోవడం. మన దగ్గర కూడా అది లెక్కలోకి రాకుండా ధర తగ్గిస్తే, ఆ బిల్లు కట్టేది హేచరీవాడు, వల వేసేవాడు. లెక్కలోకి తెస్తే ధర పెరుగుతుంది, అప్పుడు ఆ బిల్లు ప్రభుత్వం కట్టాలి, లేదా మనం స్ట్రిప్ కొన్నప్పుడు కట్టాలి.

నన్నడిగితే మనం కడదాం అంటాను. అమాక్సిసిలిన్ స్ట్రిప్ మీద కొన్ని రూపాయలు పెరిగినా కట్టొచ్చు. కామెంట్లలో "మీకు డబ్బులుంటే మీరు కట్టుకోండి" అని తిడతారని తెలుసు, తిట్టండి. కానీ ఇంకోసారి వుహాన్ లాంటిది వచ్చినప్పుడు, రాజమండ్రి జీజీహెచ్‌లో న్యుమోనియాతో వచ్చిన పిల్లాడికి సిరప్ ఏ ఊరి పొడితో చేస్తారో కూడా చెప్పి తిట్టండి.

పీఎల్ఐలో ఆ చివరి 5 శాతం ఏడాది 2028-29. దాతోంగ్‌ని అమ్మేసిన రోజు వేసుకున్న లెక్కే, ఆ ఏడాది తర్వాత తొండంగి గురించి మళ్లీ ఎవరో ఒక ఎక్సెల్ షీట్‌లో వేస్తారు. అప్పటికి 6-ఏపీఏ రేటు ఎంత ఉంటే ఏం రాస్తారో చూడాలి. ఆ రేటు కదిలినప్పుడల్లా ఇక్కడ అప్‌డేట్ ఇస్తూ ఉంటాను. ఉంటానండీ.